పద్దెనిమిది రోజుల ముచ్చట నుంచి.. పద్నాలుగు మ్యాచ్‌ల పోరు దాకా

మహిళల జాతీయ ఫుట్‌బాల్ లీగ్ ఎదిగిన తీరు
గోల్ కొట్టింది ఇందూరు బిడ్డ.. జట్టు మాత్రం బెంగాల్‌ది

నిజామాబాద్: అది 2025 ఏప్రిల్ 11. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, ఒడిశా ఎఫ్‌సీ మహిళా జట్లు హోరాహోరీగా తలపడుతున్నాయి. తొలి అర్ధభాగం గోల్ లేకుండానే ముగిసింది. రెండో అర్ధభాగంలో ఎట్టకేలకు బంతి వలను తాకింది. మ్యాచ్‌లో అదే ఏకైక గోల్. ఆ గోల్‌తోనే దేశంలో అత్యున్నత స్థాయి మహిళల ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ ఉమెన్స్ లీగ్ టైటిల్ తొలిసారిగా ఈస్ట్ బెంగాల్ వశమైంది. ఆ గోల్ సాధించిన క్రీడాకారిణి నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య. అదే ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను 2024-25 సంవత్సరానికి దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఈ వార్త విని జిల్లా క్రీడాభిమానులు సంబరపడ్డారు. అయితే ఇందూరు బిడ్డ దేశంలోకెల్లా పెద్ద లీగ్ ఆడేందుకు కేరళకో, బెంగాల్‌కో ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. దానికి సమాధానం తెలియాలంటే ఈ లీగ్ ఎలా పుట్టిందో, ఎలా సాగుతోందో, ఎక్కడ తడబడుతోందో తెలుసుకోవలసి ఉంటుంది.

పురుషుల తర్వాత ఇరవై ఏళ్లకు

మహిళల ఫుట్‌బాల్ మన దేశానికి కొత్తేమీ కాదు. 1975లోనే భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య పేరిట ఒక సంస్థ ఏర్పడింది. కోజికోడ్‌లో 1980 జనవరిలో జరిగిన ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్‌లో భారత్ రన్నరప్‌గా నిలిచింది. 1983లోనూ అదే స్థానం దక్కింది. ఆసియాలో రెండో స్థానమంటే చిన్న విషయం కాదు. నేటి తరంలో ఎందరికి ఈ సంగతి తెలుసన్నది అనుమానమే.

తొంభయ్యో దశకంలో మహిళల ఆట బాధ్యత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేతికి వచ్చింది. రాష్ట్రాల జట్ల మధ్య జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలైంది. అయితే అది ఏడాదికొకసారి జరిగే కొద్ది రోజుల పోటీ మాత్రమే. అది ముగిస్తే మళ్లీ ఏడాది దాకా ఎదురుచూపులే. జాతీయ జట్టు సైతం చాలాకాలం మ్యాచ్‌లకు దూరంగా ఉండిపోవడంతో 2009లో ఫిఫా ర్యాంకుల జాబితా నుంచి భారత్ పేరే తొలగిపోయింది. ఆసియాలో రెండో స్థానంలో నిలిచిన దేశానికి ఇంతకంటే పరాభవం ఏముంటుంది?

పురుషులకు జాతీయ లీగ్ 1996లోనే మొదలైంది. 2007లో అది ఐ-లీగ్‌గా రూపుమారింది. 2014లో కార్పొరేట్ హంగులతో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. ఇన్ని మార్పులు జరిగినా మహిళలకు మాత్రం ఒక్క జాతీయ లీగ్ కూడా లేకపోయింది. మణిపూర్‌కు చెందిన మేటి క్రీడాకారిణి బెంబెం దేవి క్లబ్ ఫుట్‌బాల్ కోసం 2014లో మాల్దీవుల జట్టు న్యూ రేడియంట్ తరఫున ఆడవలసి వచ్చింది. మన దేశంలో ఆమె స్థాయికి తగిన లీగే అప్పటికి లేదు మరి!

తొలి లీగ్ పద్దెనిమిది రోజులే

ఎట్టకేలకు 2016-17లో ఇండియన్ ఉమెన్స్ లీగ్‌కు శ్రీకారం చుట్టారు. కటక్‌లో అర్హత పోటీలు నిర్వహించారు. ప్రధాన దశ 2017 జనవరి 28న ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియంలో మొదలై ఫిబ్రవరి 14న ముగిసింది. లెక్కిస్తే సరిగ్గా పద్దెనిమిది రోజులు. ఆరు జట్లు పాల్గొన్నాయి. ఇంఫాల్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ ఫైనల్‌లో కటక్ జట్టు రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్‌పై 3-0తో గెలిచి తొలి విజేతగా నిలిచింది. ఆ ఆరు జట్లలో హర్యానాలోని ఒక పల్లె పేరుతో వచ్చిన అలఖ్‌పురా జట్టు కూడా ఉండటం విశేషం.

ఫైనల్ చేరిన జట్టు కూడా ఆడింది ఏడు మ్యాచ్‌లే. మిగిలిన జట్లు ఐదారు మ్యాచ్‌లతోనే ఇంటిముఖం పట్టాయి. దీనిని లీగ్ అనడం కంటే టోర్నీ అనడమే సబబు.

టోర్నీకీ లీగ్‌కూ ఉన్న తేడా పైకి చిన్నదిగా కనిపించినా, క్రీడాకారిణి బతుకుకు అదే కీలకం. మన ఊళ్లలో సంక్రాంతికి జరిగే కబడ్డీ పోటీలను గుర్తుకు తెచ్చుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. జట్లన్నీ ఒక ఊరికి చేరతాయి. బడి గదుల్లో బస. రోజు విడిచి రోజు ఆట. నాలుగో రోజున కప్పు ఇచ్చి పంపేస్తారు. టోర్నీ పద్ధతిలో జరిగే జాతీయ పోటీ కూడా దాదాపు ఇంతే. ఆటగత్తె కాలి మడమ బెణికి రెండు వారాలు విశ్రాంతి తీసుకోవలసి వస్తే ఆమెకు ఆ ఏడాది ఆట ముగిసినట్లే. ఒక మ్యాచ్‌లో దొర్లిన తప్పును తర్వాతి మ్యాచ్‌లోగా సరిదిద్దుకునే వ్యవధి శిక్షకులకు ఉండదు. అన్నింటికీ మించి, నెల రోజులు కూడా సాగని పోటీ కోసం ఏ క్లబ్బూ ఏడాది పొడవునా జీతం ఇవ్వదు.

అసలైన లీగ్ వేరు. ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నింటితో రెండేసి సార్లు ఆడుతుంది. ఒకసారి తన ఊళ్లో, మరోసారి ఎదుటివారి ఊళ్లో. దీనినే ఇంటా బయటా పద్ధతి అంటారు. వారానికో పది రోజులకో ఒక మ్యాచ్ ఉంటుంది. నెలల తరబడి పోటీ సాగుతుంది కనుక క్లబ్ మైదానాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. శిక్షకులను, ఫిజియోను, బసను సమకూర్చుకోవాలి. ఆటగత్తెలతో నెలల ఒప్పందం కుదుర్చుకోవాలి. ఊరి జనం తమ జట్టును చూడటానికి వస్తారు. బడి పిల్లలు వస్తారు. వారిలో ఒక పాప బంతి పట్టుకుని మర్నాడు మైదానానికి వస్తుంది. లీగ్ వల్ల ఒరిగే మేలు ఇదే.

ముచ్చటగా మూడుసార్లు గోకులం

రెండో ఏడాది పోటీలు షిల్లాంగ్‌లో జరిగాయి. రైజింగ్ స్టూడెంట్స్ జట్టు పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి పాత ఓటమికి బదులు తీర్చుకుంది. 2019లో లూథియానాలో మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీ మణిపూర్ పోలీస్ జట్టును 3-1తో ఓడించింది. ఓడిన జట్టులోని బాలాదేవి ఆ సీజన్‌లో ఏకంగా 26 గోల్స్ సాధించడం గమనార్హం. 2020 జనవరిలో ఆమె స్కాట్లండ్‌లోని రేంజర్స్ జట్టులో చేరింది. యూరప్‌లో వృత్తిపరంగా ఆడిన తొలి భారత మహిళగా ఘనత దక్కించుకుంది.

పోలీస్ జట్టు అనగానే ఒక విషయం ప్రస్తావించక తప్పదు. మణిపూర్ పోలీస్, ఒడిశా పోలీస్, సశస్త్ర సీమా బల్, సీఆర్‌పీఎఫ్.. ఈ లీగ్‌లో వేర్వేరు ఏడాదుల్లో ఆడిన జట్ల పేర్లివి. ఫుట్‌బాల్ ఆడే పేదింటి ఆడపిల్లకు ఇప్పటికీ భరోసా ఇచ్చేది క్రీడా కోటాలో దక్కే సర్కారు కొలువే. క్లబ్ ఒప్పందం సీజన్‌తో ముగుస్తుంది. కొలువు పింఛను దాకా వస్తుంది. ఏది ఎంచుకుంటారో వేరే చెప్పాలా?

2020 ఫిబ్రవరిలో బెంగళూరులో జరిగిన ఫైనల్‌లో కోజికోడ్ కేంద్రంగా ఉన్న గోకులం కేరళ 3-2తో మణిపూర్ జట్టు క్రిఫ్సాపై గెలిచింది. ఆ వెంటనే కొవిడ్ విరుచుకుపడింది. 2020-21 లీగ్ రద్దయింది. 2022 ఏప్రిల్, మే నెలల్లో భువనేశ్వర్‌లో 12 జట్లతో జరిగిన పోటీలో గోకులం ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. 2023లో అహ్మదాబాద్‌లో 16 జట్ల పోటీలోనూ ఫైనల్‌లో బెంగళూరు జట్టు కిక్‌స్టార్ట్‌ను 5-0తో చిత్తు చేసి ముచ్చటగా మూడోసారి వరుసగా టైటిల్ నిలబెట్టుకుంది. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో గుజరాత్‌లో ఆడించడమేమిటన్న ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా సరైన జవాబు లేదు. ఖాళీగా దొరికిన నెలల్లో, ఖాళీగా దొరికిన ఊళ్లో ఆడించడం అప్పటి ఆనవాయితీ.

గోకులం విజయం వెనుక మర్మం పెద్దదేమీ కాదు. మంచి ఆటగత్తెలను ఒకచోట చేర్చి, విదేశీ క్రీడాకారిణులను రప్పించి, వారిని ఎక్కువ కాలం అట్టిపెట్టుకుంది. పంజాబ్‌కు చెందిన మనీషా కళ్యాణ్ అక్కడ మెరిసి 2022లో సైప్రస్ జట్టు అపోలోన్‌కు వెళ్లింది. యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలయింది. మన సౌమ్య కూడా గోకులంలో రాణించాకే, 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా రాజధాని జట్టు డైనమో జాగ్రెబ్‌లో చేరింది.

తాష్కెంట్‌లో చేదు అనుభవం

ఈ లీగ్ విజేతకు ఆసియా క్లబ్ పోటీల్లో ఆడే అవకాశం ఉంటుంది. 2021 నవంబరులో జోర్డాన్‌లో జరిగిన పోటీల్లో గోకులం ఆడింది. ఆ స్థాయికి చేరిన తొలి భారత మహిళా క్లబ్ అదే. మరుసటి ఏడాది ఆగస్టులో అదే పోటీ కోసం జట్టు ఉజ్బెకిస్థాన్ చేరింది. సరిగ్గా అప్పుడే పిడుగు పడింది.

సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ చేతిలో సమాఖ్య పగ్గాలు ఉండటాన్ని బయటి జోక్యంగా పరిగణించి, 2022 ఆగస్టు 15 రాత్రి ఫిఫా భారత్‌పై నిషేధం విధించింది. దాంతో భారత క్లబ్‌లేవీ అంతర్జాతీయ పోటీలు ఆడరాదు. పరాయి గడ్డపై కాలుమోపిన ఆడపిల్లలు హోటల్ గదుల్లో చిక్కుకుపోయారు. జోక్యం చేసుకోవాలని క్లబ్ ప్రధానమంత్రికి విజ్ఞప్తి చేసింది. ఫలితం లేకపోయింది. ఆగస్టు 26న నిషేధం తొలగేసరికి వారి పోటీ చేజారిపోయింది. పదవుల పోరు పెద్దలది, శిక్ష మాత్రం ఆటగత్తెలది.

మలుపు తిప్పిన మార్పు

2023-24లో లీగ్ రూపురేఖలు మారాయి. తొలిసారిగా ఇంటా బయటా పద్ధతిని ప్రవేశపెట్టారు. ఏడు జట్లు పాల్గొన్నాయి. ఒక్కో జట్టుకు 12 మ్యాచ్‌లు. 2023 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా పోటీ సాగింది. గోకులం ఆధిపత్యానికి గండికొట్టి ఒడిశా ఎఫ్‌సీ విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది జట్లు ఎనిమిదయ్యాయి. మ్యాచ్‌లు పద్నాలుగయ్యాయి. పద్దెనిమిది రోజుల్లో ముగిసిన పోటీ మూడు నెలలు దాటి సాగింది.

దీనితోపాటే రెండో అంచె లీగ్ వచ్చింది. పట్టికలో అడుగున నిలిచిన జట్లు కిందికి దిగాలి. రెండో అంచెలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు పైకి రావాలి. ఇలా తొలి ఏడాది పైకి వచ్చినవి కోల్‌కతా జట్టు శ్రీభూమి, కటక్ జట్టు నీతా ఫుట్‌బాల్ అకాడమీ. ఈ నిబంధన ఎంత కఠినమో 2024-25లో తేటతెల్లమైంది. అంతకుముందు ఏడాది విజేత ఒడిశా ఎఫ్‌సీ అడుగుకు చేరి, ఢిల్లీ జట్టు హాప్స్‌తో పాటు కిందికి జారిపోయింది. కల్యాణిలో సౌమ్య గోల్‌తో ఓడింది కూడా ఆ జట్టే.

జీతాల విషయంలోనూ కొంత కదలిక వచ్చింది. ఇంటా బయటా పద్ధతితో పాటు, ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులను ఏడాదికి రూ.3.2 లక్షలకు తగ్గకుండా తీసుకోవాలని 2023లో సమాఖ్య ప్రకటించింది. నెలకు లెక్కవేస్తే దాదాపు రూ.26,600. క్రికెట్‌తో పోల్చితే ఇది లెక్కలోకే రాదు. పల్లెలో కూలీనాలీ చేసుకునే ఇంటికి మాత్రం అది పెద్ద మొత్తమే.

ఫలితం జాతీయ జట్టులో కనిపించింది. 2025 జులై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో భారత్ ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి, 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కు అర్హత సాధించింది. రెండు గోల్స్‌నూ బెంగాల్ క్రీడాకారిణి సంగీతా బాస్ఫోర్ కొట్టింది. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌లో అడుగుపెట్టడం భారత మహిళలకు అదే ప్రథమం. ఆ జట్టులో అత్యధికులు ఈ లీగ్‌లో రాటుదేలినవారే. అదే ఏడాది ఈస్ట్ బెంగాల్ ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో ప్రాథమిక దశ దాటి గ్రూప్ దశకు చేరి, చైనాలోని వుహాన్‌లో ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది.

నిధుల లేమి.. మళ్లీ ఒకే చోట

అంతా సజావుగా సాగుతోందనుకుంటే పొరపాటే. ఈ లీగ్‌కు టీవీ హక్కుల రూపంలో చెప్పుకోదగ్గ రాబడి లేదు. మ్యాచ్‌లు చూడాలంటే యూట్యూబే దిక్కు. టిక్కెట్ల ఆదాయం నామమాత్రం. కనుక క్లబ్ యజమాని చేయి ఆడినంతకాలమే జట్టు ఉంటుంది. పురుషుల జట్టుకు ఏ కష్టం వచ్చినా ముందుగా కత్తెర పడేది మహిళల జట్టుకే. 2023లో జరిగింది ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది మార్చిలో కేరళ బ్లాస్టర్స్ పురుషుల జట్టు సూపర్ లీగ్ మ్యాచ్ మధ్యలో మైదానం వీడి వెళ్లిపోయింది. సమాఖ్య ఆ క్లబ్‌కు రూ.4 కోట్ల జరిమానా విధించింది. జూన్‌లో క్లబ్ తన మహిళల జట్టును తాత్కాలికంగా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. మైదానం వీడింది మగవారు, ఉపాధి పోయింది ఆడవారికి.

భద్రత మరో సమస్య. 2024 మార్చిలో రెండో అంచె లీగ్ కోసం గోవా వెళ్లిన హిమాచల్ ప్రదేశ్ జట్టు క్రీడాకారిణులు ఇద్దరు, సమాఖ్య కార్యవర్గ సభ్యుడొకరు తమపై చేయి చేసుకున్నారని ఫిర్యాదు చేశారు. సమాఖ్య అతడిని సస్పెండ్ చేసింది. కూతుర్ని వేల కిలోమీటర్ల దూరం పంపే తల్లిదండ్రులకు ఇలాంటి వార్త ఒక్కటి చాలు, కిట్ బ్యాగు అటకెక్కడానికి.

2025లో మరో ఇక్కట్టు వచ్చిపడింది. 2010లో కుదిరిన పదిహేనేళ్ల వాణిజ్య ఒప్పందం ద్వారా సమాఖ్యకు ఏటా సుమారు రూ.50 కోట్లు అందేవి. ఆ ఒప్పందం గడువు 2025 డిసెంబరుతో తీరింది. పురుషుల సూపర్ లీగే అయోమయంలో పడింది. ఆ డిసెంబరులోనే మొదలైన 2025-26 మహిళల లీగ్‌ను ఊరూరా కాకుండా పశ్చిమ బెంగాల్ వేదికల్లోనే ప్రారంభించారు. రెండేళ్ల కిందట వదిలించుకున్న పాత పద్ధతి మళ్లీ తలుపు తట్టినట్లయింది.

తెలుగునాట జట్టేదీ?

ఇక మన సంగతి. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ పెట్టని కోట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు శిక్షకుడు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. అదే నగరంలో ఇటీవలి కాలంలో పురుషుల జట్టుకే నిలకడ లేకుండా పోయింది. 2021-22లో సూపర్ లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు సైతం మార్చుకుంది. మహిళల మాట ఇక చెప్పనక్కర్లేదు.

2016-17 నుంచి 2025-26 వరకు ఈ లీగ్ ప్రధాన దశలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల క్లబ్ ఒక్కటీ ఆడలేదు. సౌమ్య వంటి క్రీడాకారిణి ఇక్కడ ఎంత ఎదిగినా పెట్టే సర్దుకోవలసిందే. వలస వెళ్లగలిగినవారు వెళతారు. వెళ్లలేనివారు అండర్-17తోనో, కళాశాల జట్టుతోనో ఆట ముగిస్తారు. వారి పేర్లు ఏ పత్రికలోనూ రావు.

జట్టును నిలపడానికి దారి లేకపోలేదు. రాష్ట్ర సంఘం మహిళల లీగ్‌ను క్రమం తప్పకుండా, నాలుగైదు జట్లతోనైనా నిర్వహించాలి. అందులో సత్తా చాటిన క్లబ్‌ను రెండో అంచెకు పంపాలి. అక్కడ మొదటి రెండు స్థానాల్లో ఒకటి దక్కితే పైమెట్టు ఎక్కవచ్చు. 2025-26కు ఢిల్లీ నుంచి గర్వాల్ యునైటెడ్, గోవా నుంచి సెసా అకాడమీ ఇలాగే పైకి వచ్చాయి. వీటిలో సెసా ఒక గనుల సంస్థ అండతో సాగే అకాడమీ. గనులకు, కర్మాగారాలకు తెలుగు రాష్ట్రాల్లోనూ కొదవ లేదు.

పొరుగు రాష్ట్రాలను చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. తెలుగు రాష్ట్రాలతో సరిహద్దు పంచుకునే ప్రతి రాష్ట్రమూ ఈ లీగ్‌కు ఏదో ఒక ఏడాది జట్టును పంపింది. కర్ణాటక నుంచి కిక్‌స్టార్ట్, తమిళనాడు నుంచి సేతు, ఒడిశా నుంచి అరడజను దాకా జట్లు, మహారాష్ట్ర నుంచి పుణె సిటీ, కొల్హాపూర్ సిటీ.. చివరకు ఛత్తీస్‌గఢ్ నుంచి మాత రుక్మణి జట్టు సైతం 2022, 2023 పోటీల్లో ఆడింది.